వెన్ను ఆపరేషన్ అయిన నాన్నగారికి పెద్ద కారు: పనితనానికి, సుఖానికి సంబంధం ఎంత?

అరండల్‌పేట ఆడిటరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నారు. గత ఏడాది ఆయనకు నడుము దగ్గర డిస్కు ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి ఫిజియోథెరపీ కోసం వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లి రావలసి వస్తున్నది. ఇప్పుడున్న చిన్న కారులో కాజ టోల్‌గేటు చేరేసరికే ఆయన సీటులో అటూ ఇటూ సర్దుకోవడం మొదలుపెడతారు. కృష్ణ మీద వారధి ఎక్కగానే తలుపు పైనున్న పిడిని పట్టుకుని, ఒక్కొక్క అతుకు దాటినప్పుడల్లా పళ్లు బిగబట్టుకుంటారు.

ఈ వేసవిలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణంలో ఆయన మా పెద్దమామయ్యగారి పెద్ద జర్మన్ కారులో వచ్చారు. మంగళగిరి కొండ కనబడకముందే గుర్రు పెట్టి నిద్రపోయారని, గుంటూరులో లేపితే కాని లేవలేదని మామయ్య చెప్పారు. ఆపరేషన్ తరువాత ఆయన ప్రయాణంలో కన్ను మూయడం అదే మొదలు. ఆనాటి నుంచి ఇంట్లో రోజూ ఇదే మాట: "అమ్మాయీ, అలాంటి కారు చూడు."

మేము పెట్టగలిగింది అరవై లక్షల లోపు. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, విజయవాడలో పాత కార్ల వ్యాపారి దగ్గర ఉన్న ఆరేళ్ల నాటి పెద్ద జర్మన్ సెడాన్: ఎయిర్ సస్పెన్షన్ (ఇనుప స్ప్రింగులకు బదులు గాలి బుడ్డిలు), ఇరవై అంగుళాల చక్రాలు, మీగడ రంగు తోలు సీట్లు, డ్యాష్‌బోర్డు పొడుగునా అక్రోటు చెక్క. రెండవది, దాదాపు అదే ధరకు, ఒక మెట్టు చిన్నదైన కొత్త జపాన్ కారు: మామూలు స్ప్రింగులు, చిన్న చక్రాలు, హంగులు తక్కువ. ఆ వ్యాపారి గంటసేపు చేతికుట్టు గురించి, చెక్క నునుపు గురించి మాత్రమే చెప్పాడు. నేను లెక్కలు చూసే మనిషిని కనుక నాకు వచ్చిన సందేహం ఇది: ఆ కుట్లూ, ఆ చెక్కా మా నాన్నగారి నడుముకు ఏమైనా మేలు చేస్తాయా, లేక మేలు చేసేది వేరే ఎక్కడో ఉండి, మేము వీటికి డబ్బు కడుతున్నామా? మన ఎండలకు ఆ తోలు నిలుస్తుందా? పాత కారు తీసుకుంటే ఏమేమి చూడాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఆటోనగర్ సీట్ల మేస్త్రి

అమ్మా, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా సీట్ల పని చేస్తున్నాను. మొదట్లో లారీ క్యాబిన్లకు, బస్సులకు రెక్సిన్ కుట్టేవాడిని. ఇప్పుడు ఎక్కువగా కార్ల పనే వస్తున్నది. కుట్టు వల్ల నడుముకు ఒరిగేది ఏమీ లేదు. ఒరిగేదంతా దాని కింద ఉన్న ఫోమ్ వల్ల, ఆ ఫోమ్‌ను మోసే చట్రం వల్ల. మా షాపులో సీటు చేసేటప్పుడు షీటు ఫోమ్‌ను కత్తితో కోసి, పొరల మీద పొరలు అతికించి ఆకారం తెస్తాము. కంపెనీ సీటు అలా కాదు, ఫోమ్‌ను అచ్చులో పోస్తారు. మంచి సీట్లలో ఒకే దిమ్మెలో కూర్చునే చోట ఒక గట్టిదనం, తొడలను పక్కల నుంచి పట్టి ఉంచే చోట మరొక గట్టిదనం ఉంటుంది. దానిని ఒకసారి చింపి మళ్లీ మా చేత చేయిస్తే, పైకి ఎంత అందంగా కుట్టినా ఆ అమరిక తిరిగి రాదు. నా పనిని నేనే తక్కువ చేసుకుంటున్నానని అనుకోకండి, ఉన్న మాట అది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది మెత్తదనం దగ్గర. షోరూములో ఐదు నిమిషాలు కూర్చుంటే దూది పరుపులా దిగబడే సీటే బాగుంటుంది. అరగంట గడిచాక పిరుదుల ఎముకలు అడుగుకు తగులుతాయి, నడుము వెనక్కి వంగిపోతుంది. మీ నాన్నగారిని ఏ కారులోనైనా కనీసం నలభై నిమిషాలు కూర్చోబెట్టి చూడండి. మోకాళ్ల వరకు తొడలకు ఆనుడు ఉన్నదా, నడుము వంపు దగ్గర ముందుకు వెనక్కి జరిపే మీట ఉన్నదా, అది పైకీ కిందికీ కూడా కదులుతుందా అన్నది చూసుకోండి. ఆపరేషన్ అయిన చోటు కంటే రెండంగుళాలు పైన ఒత్తే ఆనుడు ఉన్నా లేకపోయినా ఒకటే.

తోలు సంగతి. పనివాడి చేయి తెలిసేది అంచుల దగ్గర. రెండు ముక్కలు కలిసే చోట తోలు అంచును లోపలి వైపు నుంచి కత్తితో పలచగా చెక్కి, అప్పుడు మడిచి కుట్టాలి. చెక్కకుండా మడిస్తే ఆ చోటు తాడులా ఉబ్బుతుంది, కూర్చున్నవారికి ఆ గట్టు తగులుతుంది. కంటికి కనబడకపోయినా, కళ్లు మూసుకుని వేలితో కుట్టు వెంట రాస్తే తెలిసిపోతుంది. రోల్స్ రాయిస్ వారు ఆవుల తోళ్లు కాక ఎద్దుల తోళ్లే వాడతారు; చూలు నిలిచినప్పుడు ఆవు పొట్ట సాగి తోలు మీద చారలు పడతాయని కారణం చెబుతారు. అది కూడా దోమలు తక్కువగా ఉండే చల్లని మిట్ట ప్రాంతాలలో, ముళ్ల కంచెలు లేని చోట మేసిన పశువులే కావాలట. మన డెల్టా దోమల మధ్య పెరిగిన ఎద్దును వారు గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

మన ఎండకు మీగడ రంగు ఒక విధంగా మంచిదే, నల్ల తోలు కాలినంతగా అది కాలదు. అయితే కొత్త జీన్స్ నీలం దానికి అంటుకుంటే వదలదు. తోలు పగలడానికి ఎండ ఎంత కారణమో మనవాళ్ల వైద్యం కూడా అంతే కారణం. కొబ్బరినూనె రాస్తారు, ఇంట్లో గిన్నెలు తోమే సబ్బుతో రుద్దుతారు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ఘాటైన సబ్బు పైనున్న రంగు పొరను తినేస్తుంది. తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డ, తోలు కోసమే అమ్మే తేలికపాటి క్లీనర్, నీడలో నిలపడం, ఇవి చాలు. సీటులో గాలి వచ్చే ఏర్పాటు ఉంటే, ఆ గాలి తోలులోని సన్నని రంధ్రాల గుండా రావాలి. దాని మీద మళ్లీ కవరు తొడిగితే ఆ డబ్బు బుడమేరు వాగులో పోసినట్లే.

కవరు అనగానే ఒక మాట చెప్పకుండా ఉండలేను. సీటు వీపు పక్క భాగంలో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో అక్కడ చిన్న గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది. ఆ వైపు కుట్టును ప్రమాద సమయంలో సరిగ్గా చిరిగేటట్లు, లెక్క ప్రకారం, వేరే దారంతో వేస్తారు. నా దగ్గరకు వచ్చిన ఒక కారుకు ఎవరో అదే కుట్టు మీదుగా నైలాన్ దారంతో రెండు వరుసలు బిగించి ఇచ్చారు. యజమాని దానినే బలమైన పని అని మెచ్చుకుంటున్నాడు. పాత కారులో సీట్లు తిరిగి కుట్టించినట్లు అనుమానం వస్తే ముందు ఆ చీటీ ఉన్నదో లేదో చూడండి.

పాత కారు విజయవాడదే అంటున్నారు కనుక ఇది మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఎన్ని కార్లు మునిగాయో మీకు తెలుసు. ఆ తరువాత కొన్ని వారాల పాటు నా షాపు ముందు సీట్లు ఎండబెట్టడానికి చోటు చాలలేదు. వాటిలో కొన్ని మెరుగులు దిద్దుకుని మళ్లీ అమ్మకానికి వచ్చాయి. ఏపీ 39 నంబరు రాష్ట్రమంతటికీ ఒకటే కనుక దానిని చూసి బండి ఏ ఊళ్లో తిరిగిందో చెప్పలేము. సీటు బెల్టును చివరి వరకు బయటకు లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు, బురద గీత అక్కడే మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉన్నదా, కార్పెట్ కింద చెయ్యి పెడితే సన్నని వండ్రు తగులుతుందా చూడండి. పెద్ద కార్లలో కొన్ని ఎలక్ట్రానిక్ పెట్టెలు సీట్ల కిందా, కార్పెట్ కిందా ఉంటాయి. నీరు తగిలిన పెట్టె ఏడాది ఊరుకుని ఆ తరువాత అల్లరి మొదలుపెడుతుంది.

పటమట ఇంజనీరు

మేస్త్రిగారు సీటు గురించి చెప్పిన దానికి నేను కలపగలిగింది ఏమీ లేదు. నేను చెన్నైలో కార్ల శబ్దం, కంపనం తగ్గించే విభాగంలో పదిహేనేళ్లు పనిచేసి వచ్చినవాడిని కనుక సీటు కిందికి దిగుతాను.

స్ప్రింగుల మీద కారు శరీరం సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేటట్లు అమర్చితే మనిషికి హాయిగా ఉంటుంది. అది మన నడక లయకు కొంచెం నెమ్మది. కూర్చున్న మనిషి వెన్ను నిలువు కంపనాన్ని బాగా పట్టుకునేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్ల మధ్య. వారధి అతుకుల మీద మీ నాన్నగారిని బాధ పెట్టేది ఈ రెండవ జాతి కంపనం. అలాగని కారును మరీ మెత్తగా చేస్తే, ఐదు సెకన్లకు ఒకసారి తేలి మునిగే కదలిక వస్తుంది. లాంచీలో కూర్చున్నవారికి కడుపులో తిప్పేది సరిగ్గా ఆ కదలికే. కాబట్టి సుఖమంటే మెత్తదనం అనుకోకండి. నెమ్మదిగా ఊగేదాన్ని ఒకటి రెండు ఊపులలో ఆపివేయాలి, టపటపమని కొట్టేదాన్ని వెన్ను దాకా రానివ్వకూడదు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. మంచి కారుకూ మామూలు కారుకూ తేడా అక్కడ వస్తుంది.

ఆ టపటపను మొదట ఎదుర్కొనేది టైరు. వ్యాపారి మురిపెంగా చూపించిన ఇరవై అంగుళాల చక్రాల మీదే నాకు అభ్యంతరం. లెక్క మీకు ఇష్టం కనుక లెక్కలోనే చెబుతాను. 245/50 ఆర్18 టైరు అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, చక్రం 18 అంగుళాలు; పక్కగోడ ఎత్తు 245లో యాభై శాతం, అంటే 122.5 మిల్లీమీటర్లు. 245/40 ఆర్20 టైరుకు అది 245లో నలభై శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం రెండింటికీ దాదాపు సమానమే, కాని రెండవ దానిలో మీరు దాదాపు ఒక అంగుళం గాలిని తీసివేసి ఆ చోట అల్యూమినియం పెట్టారు. పంక్చరు అయినా నడిచే రకం టైర్లు అయితే పక్కగోడ ఇంకా బిరుసుగా ఉంటుంది. మీ నాన్నగారి తరం వారు ఇప్పటికీ అంబాసిడర్ వెనుక సీటును తలుచుకుంటారు. 1958 నుంచి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన ఆ కారులో వెనుక ఉన్నది లారీలకు ఉండే జాతి కమాన్లే (పట్టీ స్ప్రింగులే), గొప్ప సస్పెన్షన్ ఏమీ కాదు. పదిహేను అంగుళాల చక్రం చుట్టూ దిట్టమైన పక్కగోడ, ఎత్తుగా కూర్చునే సీటు, కాళ్లు చాపుకునే చోటు, ఇవే దాని రహస్యం.

ఎయిర్ సస్పెన్షన్ మంచిదే. ఇనుప స్ప్రింగు మీద ఒక్కరు కూర్చున్నప్పుడు ఒక తీరు, ఐదుగురు ఎక్కితే మరొక తీరు; గాలి బుడ్డిలో బరువును బట్టి ఒత్తిడి మార్చుతారు కనుక ఎత్తు మారదు, ఊగే లయ కూడా పెద్దగా మారదు. మీ మామయ్యగారి కారులో నాన్నగారు నిద్రపోయారంటే అందులో దీనికి వాటా ఉన్నది. అయితే ఆ బుడ్డి రబ్బరు. ఆరేడేళ్ల మన ఎండకు మడతల దగ్గర సన్నని పగుళ్లు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా కారుతుంటే దానిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి, చివరకు అదీ కాలిపోతుంది. మా బాబాయిగారి కారు ఒక తెల్లవారుజామున ముందు ఎడమ కాలు మడిచిన ఎద్దులా కూర్చుని కనిపించింది. ఆ ఒక్క మూల బాగుచేయడానికి చెప్పిన మొత్తం విని ఆయన ఆ పూట భోజనం మానేశారు. పాత కారు చూడడానికి వెళ్లినప్పుడు సాయంత్రం నాలుగు చక్రాల దగ్గర, నేల నుంచి చక్రం పైనున్న వంపు అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. మరునాడు ఉదయం, ఇంజను స్టార్ట్ చేయకముందే, మళ్లీ కొలవండి. ఏ మూలైనా దిగితే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడడం కుదరదు.

ఇక నిశ్శబ్దం. వెన్నునొప్పికీ చప్పుడుకూ ఏమిటి సంబంధం అనవచ్చు. గంటసేపు హోరు వింటున్న మనిషి తెలియకుండానే భుజాలు, మెడ బిగబట్టుకుని కూర్చుంటాడు. అలసటలో సగం అదే. నిశ్శబ్దాన్ని సాధించడానికి రెండు దారులు ఉన్నాయి. 2017లో వచ్చిన ఎనిమిదవ తరం ఫాంటమ్ కారులో రోల్స్ రాయిస్ వారు 130 కిలోలకు పైగా శబ్దాన్ని పీల్చే సామగ్రి కూరారు. అద్దాలు కూడా రెండు పొరలవి, ఆరు మిల్లీమీటర్ల మందం. టైర్ల లోపల నురుగు పట్టీ అంటించారు. టైరు లోపలి గాలి డప్పులా మోగే ఒక స్వరం ఉంటుంది, ఆ నురుగు దానిని మింగేస్తుంది. ఆ తరువాత వారే 2020 గోస్ట్ కారును తయారుచేస్తున్నప్పుడు లోపల మరీ నిశ్శబ్దంగా ఉండి మనిషికి ఇబ్బందిగా తోస్తున్నదని గమనించి, భాగాలన్నీ ఒకే మెల్లని స్వరంలో పలికేటట్లు సరిచేశారు. తంబుర లేని కచేరీ ఎంత బోసిగా ఉంటుందో తెలిసినవారికి ఆ నిర్ణయం వింతగా ఉండదు. రెండవ దారి 1989లో వచ్చిన లెక్సస్ ఎల్‌ఎస్ 400ది. దాని ప్రధాన ఇంజనీరు ఇచిరో సుజుకి పట్టుదల ఏమిటంటే, చప్పుడు పుట్టాక దాని మీద దుప్పటి కప్పడం కాదు, పుట్టే చోటే ఆపాలి. ఆ పనితనం ఎవరికీ కనబడదు. షోరూములో చూపించడానికి అందులో ఏమీ ఉండదు. నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప పనితనం అదే, దీని మీద నాతో వాదించేవారు చాలామందే ఉన్నారు.

టయోటా సెంచరీ కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1967 నుంచి జపానులో పెద్దల కోసం తయారవుతున్న ఆ కారులో ఉన్ని బట్ట సీట్లు వేస్తారు. బట్ట వేసవిలో కాలదు, చలికాలంలో చల్లబడదు, పక్కకు జరిగినప్పుడు తోలులా కిర్రుమనదు. గుంటూరులో కారు కొనే పెద్దమనిషికి బట్ట సీటు అంటే నామోషీగా ఉంటుంది కాని, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి బయట నిలిపిన కారులో కూర్చోవలసింది ఆ నామోషీ కాదు కదా.

చెక్క గురించి అడిగారు. కార్లలో కనిపించేది దిమ్మె చెక్క కాదు, అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా కోసిన పొర. దానిని అల్యూమినియం వంటి ఆధారం మీద అతికించి పైన పాలిష్ పొరలు వేస్తారు. ఒకే దుంగ నుంచి వరుసగా కోసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్లు పక్కపక్కన పెడితే, కుడివైపు గీతలు ఎడమవైపు అద్దంలో చూసినట్లు కుదురుతాయి. పనివాడి ఓపిక అక్కడ తెలుస్తుంది. కొండపల్లిలో తెల్ల పొణికిని బొమ్మ చెక్కకముందు బాగా ఎండబెట్టడం, నూజివీడులో వీణకు పనసను ఎంచడం చూసినవారికి, చెక్కలో తేమ మిగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి పాత కారులో ఆ పాలిష్ కింద తెల్లని మచ్చలు, అంచుల దగ్గర లేచిన పొరలు ఉంటే అది ఎండలో ఎక్కువ కాలం నిలిచిన బండి అని, లేదా తడిసిన బండి అని అర్థం చేసుకోండి. చెక్క మీ నాన్నగారి నడుముకు ఏమీ చేయదు, కాని కారు ఎలా బతికిందో చెబుతుంది.

కొరిటెపాడు రైతుబిడ్డ

ఇంత చర్చ దేనికో నాకు అర్థం కాలేదు. అరవై లక్షలు కారుకు పోసి, మళ్లీ దాని సర్వీసుకు హైదరాబాదు పంపుతూ తిరగడం కంటే, అందులో సగానికి ఒక ఇన్నోవా తీసుకుని, మిగిలిన సొమ్ము బ్యాంకులో వేసుకుంటే ఫిజియోథెరపిస్టునే ఇంటికి పిలిపించుకోవచ్చు. పైన పటారం, లోన లొటారం అనే సామెత ఇలాంటి కార్లను చూసే పుట్టి ఉంటుంది.

లక్ష్మీపురం డ్రైవరు

పైవారు అన్నదానిలో ఫిజియోథెరపిస్టు మాట నాకూ నచ్చింది. అయినా పెద్దాయన ఎక్కడికైనా వెళ్లిరావాలి కదా. నేను గుంటూరులో ఒకే కుటుంబం దగ్గర ఇరవై రెండేళ్లుగా డ్రైవరుగా ఉన్నాను, ఈ కాలంలో ఐదు కార్లు మారాయి. మా పెద్దయ్యగారికి కూడా నడుమునొప్పి ఉన్నది. నాకు తెలిసినవి కొన్ని చెబుతాను.

మొదటిది ఎక్కడం, దిగడం. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. నడుము ఆపరేషన్ అయినవారికి దారిలో గతుకుల కంటే ఈ వంగి ఎక్కడమే ఎక్కువ బాధ. ఒక కాలు లోపల పెట్టి వంగి దూరకుండా, ముందు సీటు అంచు మీద వెనక్కి కూర్చుని, తరువాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోమనండి. తోలు సీటు మీద ఇది బట్ట సీటు కంటే తేలిక, జారుతుంది కనుక. కొనేముందు ఆయన చేత పదిసార్లు ఎక్కించి దింపండి. పదవసారి ముఖం చూడండి.

రెండవది, వెనుక సీటే గౌరవం అనుకోకండి. వెనుక కూర్చున్నవారు వెనుక చక్రాలకు దగ్గరగా ఉంటారు. ముందు ఎడమ సీటు రెండు ఇరుసులకూ నడుమ ఉంటుంది కనుక స్పీడ్ బ్రేకరు దగ్గర ఎగిరిపడడం తక్కువ, నడుము ఆనుడు మీటలు కూడా ఎక్కువగా ముందు సీట్లకే ఉంటాయి. మా పెద్దయ్యగారు రెండేళ్లు ఒప్పుకోలేదు. ఒకసారి ఒంగోలు వెళ్లి వచ్చాక ఇప్పుడు ముందే కూర్చుంటున్నారు.

మూడవది నడిపేవాడి కాలు. కారు ఆగే ఆఖరి గజంలో బ్రేకును కొంచెం వదిలితే, ముందుకు తూలి వెనక్కి కొట్టుకోవడం ఉండదు. నేను కొత్తలో డ్యాష్‌బోర్డు మీద మూత లేని గ్లాసులో సగం నీళ్లు పోసి పెట్టుకుని అలవాటు చేసుకున్నాను. స్పీడ్ బ్రేకరును చాలామంది ఏటవాలుగా ఎక్కిస్తారు. అలా చేస్తే నాలుగు చక్రాలు నాలుగుసార్లు ఎక్కి దిగి, మనిషి నడుము పక్కలకు మెలిపడుతుంది. నెమ్మదిగా, నిటారుగా దాటించడమే మేలు. ఇది చేతకాని డ్రైవరు ఉంటే అరవై లక్షల కారూ ఆటోనే.

అరండల్‌పేట ఆడిటరు

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల ఆలస్యానికి మన్నించండి, రిటర్నుల గడువు దగ్గర పడింది.

మొదట పాత కారు దగ్గరకు వెళ్లాము. మేస్త్రిగారు చెప్పినట్లు వెనుక ఎడమ సీటు బెల్టును చివరి వరకు లాగాను. బయటికి కనబడే భాగమంతా కొత్తదానిలా ఉన్నది; చివరి మూరెడు మాత్రం లేత ఇటుక రంగులో, అడ్డంగా ఒక గీతతో ఉన్నది. అదేమిటని అడిగితే వ్యాపారి కాఫీ ఒలికిందన్నాడు. నాన్నగారు అంతవరకు మౌనంగా నిలబడి ఉన్నవారు కాస్తా, "నాయనా, బెల్టు చుట్ట లోపలికి దూరి కాఫీ తాగినవారు ఎవరు?" అని అడిగారు. యార్డులో తడిసిన మిరప టిక్కీలను (బస్తాలను) చేత్తో పట్టి పసిగట్టిన మనిషి ఆయన. టేపు తీయవలసిన అవసరం రాలేదు.

తరువాత కొత్త జపాన్ కారును తీసుకుని వారధి దాకా వెళ్లి వచ్చాము. ఆయనను ముందు సీటులో కూర్చోబెట్టాను. అతుకుల మీద చప్పుడు వినబడింది కాని, ఆయన చెయ్యి పిడి దగ్గరకు వెళ్లలేదు. నిద్ర మాత్రం పోలేదు. మామయ్యగారి కారు అంత మెత్తగా లేదని, అయినా దిగాక నడుము పట్టలేదని అన్నారు. కుట్టు వెంట వేలు రాసి చూశాను: తలుపు మీద ఒక చోట సన్నని ఉబ్బు తగిలింది, సీట్లలో ఎక్కడా లేదు. చెక్క ఉండవలసిన చోట చెక్క బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్ ఉన్నది. నాన్నగారికి అదొక్కటే నచ్చలేదు.

ఇప్పుడు రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. ఆ కారులోనే పై రకానికి ఒక అంగుళం పెద్ద చక్రాలు, గాలి వచ్చే సీట్లు కలిపి ఇస్తున్నారు; కింది రకానికి రెండూ లేవు. ఏది తీసుకోమంటారు? గాలి వచ్చే సీట్ల కోసం చక్రాన్ని సర్దుకోవచ్చా?

పటమట ఇంజనీరు

పై రకమే తీసుకుని, బిల్లు వేయకముందే కింది రకం చక్రాలు, టైర్లు బిగించి ఇమ్మని అడగండి. ఒకే కారుకు కంపెనీయే రెండు కొలతలు ఇస్తున్నది కనుక సాధారణంగా కుదురుతుంది. అయితే పై రకానికి బ్రేకులు పెద్దవి కాకుండా ఉండాలి, పెద్దవైతే చిన్న చక్రం వాటికి తగులుతుంది. ఆ మాట వారి చేత రాయించుకోండి. గాలి ఒత్తిడి తలుపు దగ్గరి చీటీలో రాసినంతే ఉంచండి, షోరూము నుంచి వచ్చేటప్పుడు తరచుగా ఎక్కువ కొట్టి ఇస్తారు.

ఆటోనగర్ సీట్ల మేస్త్రి

అమ్మా, కారు వచ్చిన రోజునే సీట్ల మీది ప్లాస్టిక్ సంచులు తీసేయండి. మనవాళ్లు ఏడాది దాకా ఉంచుతారు, ఆ సంచి కింద చెమటా తేమా నిలిచి తోలు వాసన పట్టేస్తుంది. నాన్నగారికి చెక్క మీద మనసు ఉంటే, కారు తెచ్చాక నా దగ్గరకు తీసుకురండి. నేను చెక్కపని చేయను కాని, కొండపల్లి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన తెలుసు; గేరు పిడికి చెక్క తొడుగు మాత్రం ఆయన చేస్తాడు. డ్యాష్‌బోర్డు జోలికి మాత్రం వెళ్లవద్దు, దాని లోపలా ఎయిర్‌బ్యాగు ఉంటుంది.